చెరపనా అని అడిగిన మద్దిలేటి అయ్యవారు

ఊ కొట్టేవాళ్లు ఊ కొట్టండి. కొట్టనివాళ్లు చెవులైనా ఇటు పెట్టండి.

అనగా అనగా ఒక మిట్ట. మిట్ట మీద ఒక ఊరు. ఊరి చివర ఒక బడి. ఆ ఊరి పేరు కంబళ్లమిట్ట. ఎప్పటి మాట అంటారేమో, అవ్వలకు వాళ్ల అవ్వలు చెప్పిన మాట. ఆ అవ్వలకు ఎవరు చెప్పారో వాళ్లకే తెలియాలి.

కంబళ్లమిట్టలో అందరూ గొర్రెలు కాసేవాళ్లే. ఉన్ని కత్తిరిస్తారు, వడుకుతారు, కంబళ్లు నేస్తారు. వానలు పడితే మిట్ట మీద ఉంటారు. ఎండలు ముదిరితే మందలు తోలుకొని నీళ్లున్న చోటికి వలస పోతారు. చదువు ఎవరికీ లేదు. లేదని దిగులూ లేదు.

ఒక ఏడు వలస దారిలో వాళ్లకు ఒక పాతబావి తగిలింది. బావి ఒడ్డున ఒక రాయి పాతి ఉంది. రాయి మీద ఏవో గీతలు చెక్కి ఉన్నాయి. ఎవరో మొక్కుకొని నాటిన రాయి అనుకున్నారు. దానికి దండం పెట్టారు. నీళ్లు తోడుకున్నారు. గొర్రెలు తాగాయి. ఊరి పెద్ద బయన్న చిన్నకొడుకూ తాగాడు.

సాయంత్రానికి సగం మంద నేల మీద కాళ్లు తన్నుకుంది. బయన్న కొడుకు ఇల్లు చేరలేదు.

తర్వాత ఎవరో బాటసారి ఆ రాయి చదివి చెప్పాడు. "ఈ నీళ్లు విషం. తాగొద్దు" అని ఉందట దాని మీద.

బయన్న ఊరందరినీ పిలిచాడు. ఒకే మాట అన్నాడు.

"మనకు బడి కావల్ల."

ఊరంతా కదిలింది. మగవాళ్లు రాళ్లు మోసి గోడలు లేపారు. పైన బోదగడ్డి కప్పారు. విరిగిపోయిన బండి చెక్కలు కలిపి వడ్లాయన పెద్ద బల్ల ఒకటి చేశాడు. ఆడవాళ్లు బొగ్గు నూరి, దొండాకు పసరులో కలిపి బల్లకు పట్టించారు. నల్లబల్ల తయారైంది. బడి తయారైంది. అయ్యవారే దొరకలేదు. ఎండిపోయిన మిట్ట మీదికి, గొర్రెల వాసనలోకి ఎవరొస్తారు?

చివరికి మద్దిలేటి వచ్చాడు.

మద్దిలేటిది ఏ ఊరో అతనికే సరిగా తెలియదు. చిన్నప్పుడే తల్లీతండ్రీ పోయారు. ఒక మఠంలో పశువులకు మేత వేస్తూ పెరిగాడు. లోపల పిల్లలకు చదువు చెబుతుంటే వాకిలి బయట గోడకు ఆనుకొని విన్నాడు. అట్లా విని విని చదువు నేర్చుకున్నాడు. పూటకో ఇంట్లో రొట్టె పెడితే చాలన్నాడు. మనిషి మంచివాడు. ఎవరినీ పల్లెత్తు మాట అనడు.

అతనికి ఉన్నది ఒకటే భయం. మనుషుల కళ్లు. చిన్నతనమంతా ఎవరైనా తన వైపు చూశారంటే వాకిట్లోంచి తరమడానికే చూశారు. అందుకే ఎవరి కళ్లయినా తన మీద పడితే మద్దిలేటికి నోరు ఎండిపోయేది, నాలుక మడత పడేది.

మొదటి రోజు బడిలోకి అడుగుపెట్టాడు. చాపల మీద పిల్లలు. వాళ్ల ముఖాల్లో కళ్లు. అన్నీ అతన్నే చూస్తున్నాయి. మద్దిలేటి గిరుక్కున తిరిగి నల్లబల్ల వైపు నిలబడ్డాడు. హమ్మయ్య అనిపించింది. బల్లకు కళ్లు లేవు కదా.

ఆ రోజు నుంచి అదే వరుస. రాసేవాడు, చదివేవాడు, చెరిపేవాడు. పైనుంచి కింది దాకా చీమల బారులాగా సన్నగా రాసేవాడు. రాసిందాన్ని బల్లకే చదివి వినిపించేవాడు. బల్ల నిండగానే తువ్వాలుతో తుడిచేసేవాడు. మళ్లీ రాసేవాడు, చదివేవాడు, చెరిపేవాడు.

చెరిపినప్పుడల్లా వెనకనుంచి "అయ్యో" అని ఒక చప్పుడు వచ్చేది. బోద కప్పులో గాలి అనుకునేవాడు మద్దిలేటి.

వానలు పోయాయి. చలి పోయింది. ఒక్కొక్క పిల్లే బడి మానేసి గొర్రెల వెంట పోయింది. మిగిలిన పిల్లలకు అక్షరం ముక్క రాలేదు. ఒక పొద్దున బయన్న చేతికర్ర పట్టుకొని బడి వాకిట్లో నిలబడ్డాడు.

"ఏమప్పా అయ్యవారూ, నీ గొంతు వినపడ్తాది, నీ వీపు కనపడ్తాది. పిల్లోళ్లకు చదువు మాత్రం కనపడల్యా. ఎండలు ముదురుతాండాయి. మందలు వలస పోయేలోపల ఒక్క బిడ్డన్నా నాలుగు మాటలు చదవల్ల. లేదంటే ఈ కొట్టంలో గొర్రెపిల్లల్ని కట్టేస్తా. వాటికన్నా నీడ ఉంటాది."

మద్దిలేటి నేల చూస్తూ తల ఊపాడు. బయన్న పోయాక ఇంకా గట్టిగా రాశాడు, ఇంకా గట్టిగా చదివాడు, ఇంకా గట్టిగా చెరిపాడు. గట్టిగా చేస్తే చదువు వస్తుందేమో అని ఆశ.

ఆ బడిలో సుంకులమ్మ అని ఒక పిల్ల ఉండేది. పొద్దున్నే దొడ్లో పెంట ఎత్తి, నీళ్లు మోసి, అప్పుడు వచ్చేది బడికి. అందరికన్నా ఆఖరున వస్తుంది కాబట్టి అందరికన్నా వెనక కూర్చునేది. ఒకరోజు మద్దిలేటి ఏమనుకున్నాడో, పిల్లల పలకలు చూద్దామని అన్నాడు.

"నేను బల్ల మీద రాసింది మీ పలకల మీద దించండి. తెచ్చి చూపించండి."

ఒక పలక మీద గీతలున్నాయి. ఒక పలక మీద చుక్కలున్నాయి. సుంకులమ్మ పలక తీసుకొని చూశాడు. దాని మీద ఒక మనిషి వీపు ఉంది. భుజాన తువ్వాలు, చిరిగిన చొక్కా, మెడ మీద పుట్టుమచ్చ, అన్నీ ఉన్నాయి. ముఖం లేదు.

"ఇదేంది పాపా?"

"మీరే అయ్యవారూ. బల్ల మీద కనపడేది దించమంటిరి గదా. నాకు కనపడేది ఇదే."

పిల్లలు నవ్వారు. మద్దిలేటి నవ్వలేదు. పలక పట్టుకొని బయటికి పోయాడు. కంపచెట్టు నీడలో కూర్చున్నాడు. ఆ పుట్టుమచ్చ అక్కడ ఉందని ఇంతవరకూ అతనికే తెలియదు. వాకిలి బయట గోడకానుకొని తను కూడా ఇట్లాగే ఎన్ని వీపులు చూశాడో గుర్తొచ్చింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ముఖం తుడుచుకున్నాడు. లోపలికి వచ్చాడు. వచ్చి, బల్ల దగ్గరికి పోలేదు. వెనక వరుసలోకి పోయాడు.

"సుంకులమ్మా, జరుగు. ఇక్కడ నేను కూర్చుంటా. నువ్వు పోయి నా రాతకు ముందర నిలబడు, నేను నిలబడినట్లు."

సుంకులమ్మ పోయి నిలబడింది. మద్దిలేటి ఆఖరి చాప మీద మఠం వేసుకొని చూశాడు. తను రాసిన రాత తనకే కనపడలేదు. చీమలున్నాయి, అంతే. ఆ చీమల్లో సగం సుంకులమ్మ వీపు వెనక ఉన్నాయి. మిగతా సగం మీద వాకిలి వెలుతురు పడి బల్ల తెల్లగా మెరుస్తోంది.

"ఎప్పటినుంచి ఇట్లుండాది?" అన్నాడు మెల్లగా.

"మీరు వచ్చినప్పటినుంచీ అయ్యవారూ" అంది సుంకులమ్మ.

ఆ మధ్యాహ్నం చదువు లేదు. పిల్లలంతా దొండాకులు కోసుకొచ్చారు. బొగ్గు నూరారు. మద్దిలేటి మోకాళ్ల మీద కూర్చొని వాళ్లతో కలిసి బల్లకు నలుపు పట్టించాడు. చేతులు నల్లబడ్డాయి, ముక్కులు నల్లబడ్డాయి. బల్లను వాకిలి ఎదురుగా ఉన్న గోడ నుంచి తీసి పక్క గోడకు చేర్చారు. మెరుపు పోయింది.

మరునాడు మద్దిలేటి బల్ల నిండా రాయలేదు. ఒక్క మాట రాశాడు. అరచేతంత పెద్దగా రాశాడు.

మేక.

రాసి, పోయి వెనక వరుసలో కూర్చున్నాడు. కనపడింది. లేచి వచ్చి బల్ల పక్కకు నిలబడ్డాడు. ఇప్పుడు చెప్పాలి. చెప్పాలంటే తిరగాలి. తిరిగితే కళ్లు. మద్దిలేటికి చెమటలు పట్టాయి. సుద్దముక్క చేతిలోనే పొడయింది.

"మా పక్క చూడండయ్యవారూ" అంది సుంకులమ్మ. "మేమేం కరవం."

మద్దిలేటి తిరిగాడు. అన్ని కళ్లనూ చూడలేక ఆ పిల్ల కళ్లు మాత్రం చూశాడు. ఆ కళ్లు అతన్ని తరమడానికి చూడటం లేదు. అతను చెప్పబోయే మాట కోసం చూస్తున్నాయి. అతని నోట్లో తడి వచ్చింది.

"మే" అన్నాడు. "మేక."

"మేక" అన్నారు పిల్లలు. గొర్రెలు కాసేవాళ్ల పిల్లలు. మేకంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ గీతలు మేక అవుతాయని మాత్రం వాళ్లకు ఆ రోజే తెలిసింది. ఒకడు "మే మే" అని అరిచాడు. బడంతా అరిచింది. వాకిట్లో కట్టేసిన మేక కూడా అరిచింది.

ఇక చెరపాలి. మద్దిలేటి తువ్వాలు ఎత్తాడు. వెనకనుంచి "అయ్యో" అని వినిపించింది.

మద్దిలేటి చేయి ఆగిపోయింది. ఈసారి అతను పిల్లల వైపు తిరిగి ఉన్నాడు. అది గాలి కాదు. ముందు వరుసలో ఒక బుడ్డోడు బలపం పట్టుకొని, నోరు తెరిచి, సగం రాసిన పలక వైపు, తువ్వాలు వైపు మార్చి మార్చి చూస్తున్నాడు. ఇన్నాళ్లూ ప్రతిరోజూ ప్రతిసారీ వినిపించిన చప్పుడు ఇదేనా అనుకున్నాడు మద్దిలేటి.

తువ్వాలు దించాడు. అడిగాడు.

"చెరపనా?"

"ఇంగా కాలేదు" అన్నాడు బుడ్డోడు.

ఆగాడు.

"చెరపనా?"

"ఇంగొంచెం."

ఆగాడు.

"చెరపనా?"

"చెరపండి అయ్యవారూ!"

అప్పుడు చెరిపాడు.

ఆ రోజు నుంచి కొత్త వరుస. రాసేవాడు, పక్కకు జరిగేవాడు, పిల్లల వైపు తిరిగేవాడు. తిరిగాకే నోరు తెరిచేవాడు. బల్ల నడిమధ్య ఒక నిలువు గీత గీశాడు. "ఎడమ సగం నాది, కుడి సగం మీది" అన్నాడు. తన సగంలో ఒక మాట రాస్తే, పిల్లలు ఒక్కొక్కరే వచ్చి వాళ్ల సగంలో రాసేవాళ్లు. చేతులు అందనివాళ్లకు కింద రాయి వేశాడు. తప్పు రాసినవాణ్ణి ఏమీ అనేవాడు కాదు. "మీరు చూడండి, ఇది మేకేనా?" అని మిగతావాళ్లను అడిగేవాడు. "ఏత్వం లేదయ్యవారూ, మేకకు కొమ్ము పోయింది" అని వాళ్లే పోయి దిద్దేవాళ్లు. బడి మానేసినవాళ్లు గొర్రెల్ని తోలుకుంటూ వాకిలి దగ్గర ఆగేవాళ్లు. మద్దిలేటి వాళ్లను చూసేవాడు. "బయటెందుకు, లోపలికి రండి" అనేవాడు.

కానీ ఎండలు ముదిరాయి. మందలు కదలాల్సిన రోజు వచ్చింది. బయన్న బడికి రాలేదు, చదివించి చూడలేదు. "పిల్లోళ్లు కూడా మందల వెంట రావల్ల, మనుషులు చాలరు" అని కబురు పంపాడు. బడి మూతపడింది. ఖాళీ చాపల మధ్య మద్దిలేటి ఒక్కడే మిగిలాడు.

మందలు నడిచాయి. రాళ్లు దాటాయి, గుట్టలు దాటాయి, ఒక పెద్ద ఏటి గట్టు మీదికి వచ్చాయి. ఏట్లో పాయగా నీళ్లు. ఇవతల మెత్తటి ఇసుక. దప్పికతో గొర్రెలు తోసుకుంటున్నాయి. ముందు పొట్టేలు, దాని వెనక బయన్న.

గట్టు మీద ఒక కొయ్య పాతి ఉంది. కొయ్యకు ఒక చెక్క కొట్టి ఉంది. చెక్క మీద తెల్లటి గీతలు. సుంకులమ్మ దాని ముందు ఆగింది.

"మామా, ఆగు! ఇక్కడేదో రాసుండాది!"

"మంద ఆగదు పాపా!" అన్నాడు బయన్న. అన్నాడే గానీ, రాసుండాది అనే మాట చెవిన పడగానే అతని కాళ్లు ఆగాయి. కర్ర అడ్డం పెట్టి పొట్టేలును ఆపాడు. "చదువు. తొందరగా చదువు."

సుంకులమ్మ చెక్క దగ్గరికి జరిగింది. మొదటి అక్షరం తెలిసినట్లే ఉంది, తెలియనట్లే ఉంది. కళ్లు మూసుకుంది. మూసుకోగానే నల్లబల్ల కనపడింది. దాని ఎడమ సగంలో అయ్యవారు పెద్దగా రాసిన ఊయల కనపడింది. పక్కకు జరిగి నిలబడ్డ అయ్యవారు కనపడ్డాడు. కుడి సగంలో తన చేత్తో తనే రాసిన బిడ్డ కనపడింది.

"ఊ" అంది. "ఊయలలో ఊ. బి. బిడ్డలో బి. ఊబి." కళ్లు తెరిచింది. "ఊబి మామా! ఊబి ఉంది, దిగొద్దు అని ఉండాది!"

బయన్న కిందికి వంగి ఒక పెద్ద రాయి తీసి ఇసుకలోకి విసిరాడు. ఇసుక ఒకసారి కదిలింది. రాయి కనపడలేదు.

మందను పైకి తోలుకుపోయి రాళ్ల రేవులో తాపారు. ఒక్క గొర్రె పోలేదు. ఒక్క మనిషి పోలేదు. అందరూ నీళ్లు తాగుతుంటే బయన్న మాత్రం వెనక్కి వచ్చి ఆ కొయ్య దగ్గర కూర్చున్నాడు. ఆ అక్షరాల మీద వేలు పెట్టి నిదానంగా తడిమాడు. అతను ఎవరిని తలుచుకుంటున్నాడో అందరికీ తెలుసు.

వానలు పడ్డాయి. మందలు ఇల్లు చేరాయి. బడి తెరిచిన రోజు మద్దిలేటి బల్ల పక్కన నిలబడి తిరిగి చూస్తే ఆఖరి చాప మీద బయన్న కూర్చొని ఉన్నాడు. ఒళ్లో ఒక పలక.

"పెద్దాయనా, మీరు ముందుకు రండి" అన్నాడు మద్దిలేటి.

"వద్దప్పా" అన్నాడు బయన్న. "ఇక్కడికే బాగ కనపడ్తాది."

ఏళ్లు గడిచాయి. సుంకులమ్మ పెళ్లయి, ఆ ఊళ్లోనే కాపురం పెట్టింది. బయన్న తన పేరు తను రాసుకొని చూసుకొని, ఒక మంచి రోజున కన్నుమూశాడు. మద్దిలేటి జుట్టు సుద్దలా తెల్లబడింది. అప్పుడు అతనికి గొంతులో ఒక జబ్బు చేసింది. వైద్యులు ఆకులు నూరి పోశారు. ప్రాణం నిలిచింది, గొంతు పోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాదు.

"గొంతు లేని అయ్యవారు చదువెట్ల చెప్తాడు?" అన్నారు ఊళ్లోవాళ్లు. "పాపం, కూర్చోబెట్టి రొట్టె పెడదాం. ఇంకొకర్ని చూద్దాం" అన్నారు.

మద్దిలేటి వినలేదు. పొద్దున్నే బడికి పోయాడు. సుద్దముక్కతో బల్ల మీద టక్, టక్, టక్ అని కొట్టాడు. పిల్లలు తలెత్తారు. ఒక మాట రాశాడు. పక్కకు జరిగాడు. పిల్లల వైపు తిరిగాడు. ఎదురు చూశాడు. పిల్లలే చదివారు. తువ్వాలు ఎత్తి కనుబొమ్మలు ఎగరేశాడు. అది చెరపనా అని అడగడమని పాలు తాగే పిల్లకు కూడా తెలుసు.

"చెరపండి అయ్యవారూ!"

ఇంకో అయ్యవారిని వెతకబోయినవాళ్లు వెనక్కి వచ్చేశారు. ఇదివరకు బడి పక్కన పోతే ఒక్క గొంతు వినిపించేది, ఇప్పుడు అన్ని గొంతులూ వినిపిస్తున్నాయి అనుకున్నారు. మద్దిలేటికి చివరి వరకూ ఆ బడి ఒక్కటే లోకం. మనుషుల కళ్లంటే భయపడిన మనిషి, ఆ కళ్లు చూడందే పొద్దు గడవని మనిషి అయ్యాడు.

ఒక పొద్దున వానకు ముందు గాలి వీస్తోంది. మద్దిలేటి తన సగంలో "వాన" అని రాశాడు. పక్కకు జరిగాడు, పిల్లల వైపు తిరిగాడు. గోడకు ఆనుకొని మెల్లగా కూర్చున్నాడు. పిల్లలు వాన వాన అని చదువుతుంటే వాళ్లను చూస్తూ చూస్తూ ఉన్నాడు. అట్లాగే పోయాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. సుంకులమ్మ వచ్చి మూసింది.

ఊరంతా ఏడ్చింది. అన్నీ పద్ధతిగా చేశారు. కానీ బల్ల మీద వాన అనే మాట అట్లాగే ఉంది. దాన్ని తుడవడానికి ఎవరికీ చేయి రాలేదు. బడి మూసి ఉంచారు. బల్లకు దండలు వేయాలన్నారు కొందరు. పసుపు కుంకుమ పెట్టి ఎత్తి దాచాలన్నారు ఇంకొందరు.

సుంకులమ్మ ఒప్పుకోలేదు. పిల్లల్ని వెంటబెట్టుకొని బడి తలుపు తీసింది.

"రాయికి దండం పెట్టి ఒకసారి చెడ్డాం" అంది. "బల్లకు దండం పెట్టొద్దు. అయ్యవారి సగం అయిపోయింది. మన సగం ఖాళీగా ఉండాది, చూడండి."

పిల్లలు ఒక్కొక్కరే వచ్చి కుడి సగంలో రాశారు. వాన. వాన. వాన. చేయి అందనివాళ్లు రాయి ఎక్కి రాశారు. పెద్దవాళ్లు కూడా వచ్చి రాశారు. సగమంతా వానే. అప్పుడు సుంకులమ్మ తువ్వాలు తీసుకుంది. పిల్లల వైపు తిరిగింది.

"చెరపనా?"

ఆఖరి చాప మీద ఒక చిన్నపిల్ల పలక మీద వంగి ఉంది.

"నాది ఇంగా కాలేదక్కా."

ఊరంతా నిలబడింది. ఆ పిల్ల నాలుక బయటపెట్టి, "న" చుట్టి, తలకట్టు పెట్టి, పలక ఎత్తి చూపించే వరకూ నిలబడింది.

"ఇప్పుడు చెరుపు" అంది ఆ పిల్ల.

సుంకులమ్మ చెరిపింది. చెరిపి, నల్లబల్ల మీద ఇంకో మాట రాసింది. ఆమే ఆ బడికి అయ్యవారైంది.

ఇదీ మద్దిలేటి అయ్యవారి కథ. ఇప్పటికీ ఆ మిట్టల మీద ఊళ్లలో అడక్కుండా బల్ల తుడవరు. చెరపనా అని అడుగుతారు, చెరపండి అన్నాకే చెరుపుతారు. విస్తరి ఎత్తేముందు అవ్వలు కూడా "చెరపనా?" అని అడిగి నవ్వుతారు. ఎవరైనా ముఖం తిప్పుకొని మాట్లాడితే "బల్లకు కాదప్పా, మాకు చెప్పు" అంటారు. కొత్తగా అయ్యవారు ఎవరొచ్చినా ముందు సుద్దముక్క చేతికివ్వరు. తీసుకుపోయి ఆఖరి చాప మీద కూర్చోబెడతారు. బడిలో అందరికన్నా చిన్నపిల్ల బల్ల దగ్గరికి పోయి తన పేరు రాస్తుంది. రాసి, పక్కకు జరిగి, అయ్యవారి వైపు తిరిగి అడుగుతుంది.

"అయ్యవారూ, కనపడ్తాందా?"

కనపడుతోంది అని ఆయన ఆ పేరు చదివాకే, ఆ పిల్ల నడిచి వచ్చి సుద్దముక్క చేతిలో పెడుతుంది.